గుగ్గిలం మీద వేలిగుర్తు

జువ్వలదిన్నె పక్క పాళెంలో కామాక్షయ్య పుట్టేనాటికి వాళ్ల నాయనకి ఉన్న ఆస్తి రెండే రెండు వస్తువులు. ఒకటి ఇనప మూకుడు, రెండోది మొద్దుబారిన ఉలి. ఉలితో పడవ పలకల సందుల్లోకి కొబ్బరిపీచు దట్టించేవాడు. మూకుట్లో గుగ్గిలం, నూనె కలిపి కాచి ఆ పీచు మీద పోసేవాడు. అది గట్టిపడకముందే బొటనవేలు తడుపుకుని ఒక్క నొక్కు నొక్కేవాడు. ఆ నొక్కే ఆయన సంతకం. ఆయన నొక్కిన సందులోంచి నీటిబొట్టు దూరిందని పాళెంలో ఎవరూ అనలేదు. చదువూ గిదువూ లేని ఆ మనిషి కొడుక్కి నేర్పింది ఒకటే మాట: "చిల్లి చిన్నదా పెద్దదా అని చూడమాకురా. కనపడితే ముయ్యి."

మాట మంచిదే. పడవలకి చాలా మంచిది. లోకంలో ఉన్నవన్నీ పడవలు కావన్న సంగతి మాత్రం ఆయన చెప్పకుండానే పోయాడు. ఆయనకి తెలిస్తే గదా చెప్పడానికి!

తల్లి అంతకుముందే పోయింది. అప్పటికి కామాక్షయ్యకి మూడేళ్లు, అక్క మాలకొండమ్మకి పదకొండు. ఆ పిల్ల నెత్తిన చేపల తట్ట, చంకన తమ్ముణ్ణి పెట్టుకుని బోగోలు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. తాను గంజి తాగి వాడికి అన్నం పెట్టింది. ఒకసారి వాడు ఉట్టి మీది బెల్లం దొంగిలించి తిన్నాడు. అడిగీ అడగకముందే "నేనే తిన్నానక్కా" అని ఒప్పుకున్నాడు. మాలకొండమ్మ ఆ సంగతిని పదిమందికి, వందసార్లు చెప్పుకుంది. "మా తమ్ముడు అబద్ధం ఆడడు" అన్నది ఆమెకి నిత్యపూజ అయిపోయింది. ఒక మనిషిని అంతగా నమ్మడం వాడికి చేసే మేలో, కీడో నాకు ఇప్పటికీ తెలియదు.

కామాక్షయ్యకి సముద్రం పడలేదు. పడవ అల మీదికి లేస్తే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేది. పట్టపు జాలర్ల ఇంట పుట్టి సముద్రంలో వాంతులు చేసుకునేవాణ్ణి చూసి పాళెం నవ్వకుండా ఉంటుందా? నవ్వింది. ఆ నవ్వు పడలేక పదహారో ఏట కావలి వెళ్లి ఒక లారీ షెడ్డులో చేరాడు. తొమ్మిదేళ్లు అక్కడే ఉండి, యాభై ఏడులో సొంత పనిముట్ల పెట్టె తీసుకుని తిరిగొచ్చి, బోగోలు రోడ్డు పక్కన తాటాకుల షెడ్డు వేసుకున్నాడు. అయినా నవ్వు ఆగలేదు. "సముద్రం చేతగానోడు మోటారు మేస్త్రీ అయినాడంట" అని పడవల దగ్గర చెప్పుకునేవాళ్లు. కామాక్షయ్యకి డబ్బు మీద అంత యావ లేదు. ఆ నవ్వు ఆగాలి, నాయన పేరులాగా తన పేరూ నిలబడాలి. వాడి ప్రాణమంతా అక్కడే ఉండేది.

ఆ మరుసటేడు వాడి దగ్గరికి ఒక వ్యాను వచ్చింది. యుద్ధంలో మిలిటరీవాళ్లు వాడి పారేసిన ముసలి వ్యాను అది. కావలి చేపల వ్యాపారి పద్మనాభయ్య వేలంలో కొన్నాడు. పొద్దున పాళెంలో పడిన చేపల్ని మంచుగడ్డల్లో పెట్టి, బిట్రగుంట స్టేషనుకి చేర్చి మద్రాసు బండి ఎక్కించడం దాని పని. దాన్ని నడిపేవాడు ఓబయ్య. మాలకొండమ్మ మొగుడు, అంటే కామాక్షయ్యకి సొంత బావ. తుఫానులో పడవ పోయాక స్టీరింగు పట్టుకున్నాడు. నిదానస్తుడు. ఏదైనా అడిగితే జవాబుని కాసేపు నోట్లో నానబెట్టి గాని బయటపెట్టడు. ఆ నానబెట్టడమే తర్వాత వాడి కొంప ముంచింది.

పాళెం నుంచి రోడ్డెక్కాలంటే మధ్యలో ఒక ఉప్పుకాలవ దాటాలి. పోటు సమయంలో నీళ్లు వ్యాను వెనక ఇరుసు దాకా వచ్చేవి. కామాక్షయ్య మొదటిసారి ఆ ఇరుసు విప్పినప్పుడు లోపల గేర్లకి పోసే నూనె, గేరాయిలు, మజ్జిగలాగా తెల్లగా కారింది. ఉప్పునీళ్లు కలిసిపోయాయి. ఎక్కణ్ణించి దూరాయని వెతికాడు. ఇరుసు గొట్టం నెత్తిన కందిగింజ పట్టేంత చిల్లి కనిపించింది. దాని మీద ఉండాల్సిన చిన్న మూత ఎప్పుడో ఊడిపోయింది.

తొమ్మిదేళ్లు షెడ్డులో పనిచేసినవాడికి ఆ చిల్లి ఎందుకుందో తెలియదా అని మీరు అడగొచ్చు. కావలి లారీలకి దాని మీద మూత ఉండేది. కామాక్షయ్య దాన్ని బోల్టు తల అనుకుని తొమ్మిదేళ్లూ దాని పక్కనుంచే చెయ్యి పోనిచ్చాడు. అక్కడి మేస్త్రీ అడగనిదే చెప్పే రకం కాదు. వీడు అడిగే రకం కాదు. అడిగితే మళ్లీ ఎవరన్నా నవ్వుతారేమోనని.

చిల్లి కనపడింది. కనపడితే ఏం చెయ్యాలో వాళ్ల నాయన చెప్పనే చెప్పాడు. కామాక్షయ్య ఇంటికి పోయి అటక మీది ఇనప మూకుడు దించాడు. గుగ్గిలం కాచి, పీచు దట్టించి, పోసి, బొటనవేలు తడుపుకుని నొక్కాడు. ఓబయ్య పక్కనే గొంతుక్కూర్చుని చూస్తూ "అచ్చం మామ నొక్కినట్టే నొక్కినావు బామ్మర్దీ" అన్నాడు. కామాక్షయ్యకి ఆ మాట కడుపు నింపింది.

ఆ తర్వాత ఇరుసులోకి నీటిచుక్క దూరలేదు. పద్మనాభయ్య కావలి అంతా చెప్పుకున్నాడు. పాళెం పెద్దకాపు వెంకయ్య, నలుగురి తగువులూ తీర్చే పెద్దమనిషి, స్వయంగా షెడ్డుకి వచ్చి చూసి "నాయన చెయ్యి నీకొచ్చిందిరా" అని భుజం తట్టాడు. కామాక్షయ్య ఆ భుజాన్ని రెండు రోజులు తడుముకుని చూసుకున్నాడు.

నెల తిరక్కుండానే ఎడమ వెనక చక్రం లోపలి నుంచి నూనె కారడం మొదలైంది.

ఇరుసులో నూనె చక్రం వైపు రాకుండా ఆపేది ఒక తోలు చుట్టు. దాన్నే సీలు అంటారు. అది పాడయిందంటే నూనె సూటిగా బ్రేకు డ్రమ్ములోకి పోతుంది. నూనె తాగిన బ్రేకు ఎవరి మాటా వినదు. అంత పాత వ్యానుకి సీళ్లు నెల్లూరులోనే దొరకవు, బోగోలులో ఎక్కడ దొరుకుతాయి? కామాక్షయ్య చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మంచి గేదెతోలు ఏరి తెచ్చి, కొలతకి గుండ్రంగా కోసి, రెండు రోజులు ఆముదంలో నానబెట్టాడు. జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, ఇరుసు కడ్డీ బయటికి లాగి, పాత తోలు గీకి, కొత్తది చెక్కముక్కతో సమానంగా తట్టి కూర్చోబెట్టాడు. బ్రేకు షూలు పెట్రోలుతో కడిగి ఎండబెట్టాడు. అంత శుభ్రమైన పని కావలి షెడ్డులో కూడా ఎవరూ చెయ్యలేరు. ఇది పొగడ్త కాదు, నిజం. వాడి చేతిలో పని ఉంది.

మూడు వారాలకి కుడి చక్రం కారింది. దాన్నీ విప్పాడు. మళ్లీ నెలకి రెండూ కారాయి. పాళెంలో చచ్చిపోయిందనుకున్న నవ్వు మళ్లీ లేచి కూర్చుంది.

అన్నిసార్లూ ఒక సంగతి జరిగింది. బిట్రగుంట పోయొచ్చిన వ్యాను ఇంకా వేడిగా ఉండగానే, నూనె మట్టం చూద్దామని ఇరుసుకున్న మర తిప్పితే లోపల్నించి బుస్సుమని గాలి వచ్చేది. మూడోసారి ఓబయ్య అడిగాడు కూడా.

"ఏంది బామ్మర్దీ, పాము మాదిరి బుసకొడతా ఉండాది?"

"వేడికి బావా. నీకెందుకు ఇయ్యన్నీ? మట్టం చూసి నూనె పొయ్యి, అంతే. మట్టానికి మించి పొయ్యమాకు."

ఓబయ్య మేస్త్రీ చెప్పినట్టే రోజూ పొద్దున మర తిప్పి, కారిపోయినంత నూనె మట్టం వరకే పోసి, మర బిగించేవాడు. అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న ఆ నిదానస్తుడే అడిగాడు. అది విన్నవాడికి తన చేతి పని మీద ఉన్న నమ్మకం చెవుల దాకా పెరిగిపోయింది.

యాభై తొమ్మిది శ్రావణంలో ఒక పొద్దున ఓబయ్య చేపల తట్టలు నింపుకుని షెడ్డు దగ్గర ఆపాడు. "బ్రేకు జారతా ఉండాది, ఒక్కసారి చూడు" అన్నాడు.

కామాక్షయ్య ఇంకో లారీ కింద ఉన్నాడు. తలైనా బయటపెట్టలేదు. "ఈ ఒక్క ట్రిప్పు పోయిరా బావా. చేపలు మురిగిపోతాయి. సాయంత్రం విప్పుదాం."

ఓబయ్య వెళ్లాడు. తట్టల మీద గురవమ్మ కూర్చుని ఉంది. పాళెంలో చేపలమ్ముకునే విధవ ముసలామె. బిట్రగుంట రైలు కాలనీలో ఆమెకి వాడుక ఇళ్లున్నాయి. పెద్దకాలవ వంతెన దిగేచోట ఎదురుగా ఎడ్లబండి అడ్డం తిరిగింది. ఓబయ్య బ్రేకు తొక్కాడు. వెనక చక్రాలు ఆగలేదు. బండిని తప్పించబోయి కట్ట కిందికి దించాడు. వ్యాను ఒరిగింది. గురవమ్మ దాని కింద పడింది, సాయంత్రానికి పోయింది.

పోలీసులు వచ్చి రాసుకుని వెళ్లారు. పాళెంలో అసలు తీర్పు వాళ్ల చేతిలో ఉండదు. నాలుగో రోజు పెద్దకాపు ఎదుట, సముద్రం ఒడ్డున అందరూ కూర్చున్నారు. పద్మనాభయ్య లేచి, "సీళ్లు వేసింది ఒకరు, బండి నడిపింది ఒకరు. ముసల్ది ఊరికే చావలేదు. తప్పు ఎవరిదో మీరే తేల్చండి" అన్నాడు.

వెనక ఎవడో మెల్లగా "సముద్రం చేతగానోడు" అన్నాడు. కామాక్షయ్య విన్నాడు.

"నేను వేసిన సీళ్లకి ఏం రోగం లేదు. మట్టానికి మించి నూనె పోస్తే ఏ సీలైనా ఏం ఆపుద్ది?" అన్నాడు.

ఓబయ్య తలెత్తి బామ్మర్ది వైపు చూశాడు. "మట్టానికి మించి ఒక్క చుక్క పొయ్యలా" అన్నాడు.

మాటకి మాట వచ్చి నిలిచింది. అలాంటప్పుడు ఆ పాళెంలో ప్రమాణం ఒకటే దారి. సముద్రంలో మునిగి, తడిబట్టలతో వచ్చి, చెంబులోని పసుపునీళ్లలో చెయ్యి ముంచి, మండే కర్పూరం ఆ చేత్తో ఆర్పాలి. అయితే దానికొక కట్టుబాటు ఉంది. ఒక తగువు మీద ఒకే ప్రమాణం. ఇద్దరూ చేస్తే ఒకటి అబద్ధం అవుతుంది, అబద్ధపు ప్రమాణం పడిన ఒడ్డుకి చేప రాదు. అందుకని ముందు లేచినవాడిదే ప్రమాణం. రెండోవాడు ఇంక నోరెత్తకూడదు.

ఓబయ్య నోట్లో మాట ఇంకా నానుతూనే ఉంది. కామాక్షయ్య లేచాడు, మునిగాడు, వచ్చి "నా చేతి పనిలో తప్పు లేదు" అని కర్పూరం ఆర్పాడు.

అబద్ధం ఆడాడా? లేదు. అదే నాకు మండే సంగతి. ఆ క్షణాన వాడు చెప్పిందాన్ని వాడు నిండా నమ్మాడు. ఆ పొద్దున "ఈ ఒక్క ట్రిప్పు పోయిరా" అన్న మాట మాత్రం పైకి రానివ్వలేదు. ఓబయ్య ఆ మాట కోసం చాలాసేపు వాడి మొహం వైపే చూశాడు. భార్య తమ్ముడని తానూ అనలేదు. ఒకడు భయంతో దాచాడు, ఒకడు మర్యాదకి దాచాడు. మర్యాదస్తుడికి శిక్ష పడింది.

పాళెంలో ఏ పడవా ఓబయ్యని ఎక్కించుకోకూడదు, ఎవరి బండీ వాడి చేతికి ఇవ్వకూడదు అని పెద్దకాపు చెప్పాడు. అంటే పొయ్యేదారి పొమ్మని. వారానికి ఓబయ్య పెళ్లాంతో సహా సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఎవరో దూరపు చుట్టాల పల్లెకి బయల్దేరాడు. రైలు ఎక్కేముందు మాలకొండమ్మ తమ్ముడి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుని కామాక్షయ్య నిలబడ్డాడు.

ఆమె వాడి తల నిమిరింది. "నువ్వు బాధపడమాకు నాయనా. ఉన్నమాట చెప్పినావు. చిన్నప్పట్నించీ అంతే గదా నువ్వు. మీ బావే ఒప్పుకుని ఉంటే పోయేది. ఆ మనిషి ఒప్పుకోడు, నేనేం చేసేది?"

వెనక మూట పట్టుకుని ఓబయ్య నిలబడి ఉన్నాడు. వినపడింది. వినపడనట్టు రైలు వచ్చే వైపు చూశాడు.

ఆ తర్వాత ఏడేళ్లు కామాక్షయ్యకి అన్నీ కలిసొచ్చాయి. ప్రమాణం చేసి నిలబడ్డ మేస్త్రీ అని నాలుగు ఊళ్ల బండ్లు వాడి దగ్గరికే వచ్చాయి. తాటాకుల షెడ్డు పోయి పెంకుల షెడ్డు లేచింది. నవ్విన నోళ్లే "కామాక్షయ్యన్నా" అని పిలిచాయి. పెళ్లయింది. పెళ్లికి అక్క వచ్చింది, బావ రాలేదు. ఏటా ఎండాకాలంలో ఎవరో ఒకరి చేత అక్క ఎండురొయ్యలు పంపేది. వాడు తిన్నాడు. బాగానే అరిగాయి.

అరవై ఆరులో ఏదో లారీకి సామాను కోసం నెల్లూరు వెళ్లాడు. ఊరి చివర ఒక షెడ్డు ముందు ఆ వ్యాను కనిపించింది. రంగు మారింది గాని, ఒరిగినప్పుడు పడిన సొట్ట అలాగే ఉంది. పద్మనాభయ్య దాన్ని అప్పుడే అమ్మేశాడు. కొన్నవాడు ఎన్నిసార్లు సీళ్లు మార్చినా నూనె ఆగక, విసిగిపోయి షెడ్డు వెనక పారేశాడు. ఇప్పుడు దాన్ని బాగుచేయడానికి జయకుమార్ అనే పెద్దాయన వచ్చాడు. మిలిటరీలో పదేళ్లు ఇవే వ్యాన్లు విప్పిన మనిషి. చక్రాల జోలికి పోకుండా ముందు ఇరుసు నెత్తిన చెయ్యి పెట్టి తడిమాడు. ఆగి, ఉలితో ఏదో పెళ్లగించి అరచేతిలో పెట్టుకుని పకపకా నవ్వాడు.

"ఇటు రండయ్యా, ఇది చూడండి! ఎవడో మహానుభావుడు ఇరుసుకి గుగ్గిలం పెట్టినాడు. పడవనుకున్నాడు కాబోలు!"

కామాక్షయ్య దగ్గరికి వెళ్లాడు. "ఆ చిల్లి మూస్తే ఏమవుద్ది?" అని అడిగాడు. కావలి షెడ్డులో చేరిననాడే అడగాల్సింది, పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా అడిగాడు.

"దీన్ని బ్రీదరు అంటాం. బండి నడిచేకొద్దీ లోపల నూనె వేడెక్కుద్ది, గాలి ఉబ్బుద్ది. ఆ గాలి పోయేదానికే ఈ సందు. మీ ఇంట్లో గంజి కుండ మీద మూత బిగించి, పైన రాయి పెట్టి మంట వెయ్యండి. ఏమవుద్ది? గంజి అంచుల్లోంచి తన్నుకొస్తది. ఇదీ అంతే. సందు మూస్తే గాలి నూనెని సీళ్లలోంచి నెడతది. ఇంక వజ్రంతో సీలు చేసి వెయ్యి, నిలవదు."

"నీళ్లు దూరతాయని మూసినాడేమో."

"దూరతాయి గదా మరి! దానికి పైకి ఒక గొట్టం పెట్టుకోవాల. మూసేది ఏంది? ముక్కులోకి దుమ్ము పోతుందని ముక్కు మూసుకుంటామా?" అని జయకుమార్ ఆ ముక్కని వాడి చేతిలో పడేసి పనిలో పడ్డాడు.

కామాక్షయ్య దాన్ని తిప్పి చూశాడు. నడిమధ్యలో బొటనవేలి గుంట. తన వేలు పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా కూర్చుంది. ఇరుసు మర తిప్పినప్పుడు వచ్చిన బుస చెవిలో వినిపించింది. మూడుసార్లు బుసకొట్టి చెప్పింది. బావ నోటితో అడిగి చెప్పాడు. ఇంకెవరు చెప్పాలి?

రెండు రోజులు అన్నం తినలేదు. పెళ్లాం అడిగితే ఎండదెబ్బ అన్నాడు. మూడో రోజు గుగ్గిలం ముక్క జేబులో వేసుకుని సూళ్లూరుపేట రైలు ఎక్కాడు. ఆ మాట వరకూ వాణ్ణి మెచ్చుకోవాలి. వెళ్లాడు.

సరస్సు ఒడ్డున ఓబయ్య ఎవరిదో పడవ పక్కన కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఏడేళ్లలో ఇరవై ఏళ్ల ముసలితనం వచ్చేసింది. సముద్రంలో చుక్కాని పట్టిన మనిషి ఇక్కడ మొలలోతు బురదనీళ్లలో పరాయివాళ్ల పడవకి గెడ వేసి బతుకుతున్నాడు. కామాక్షయ్య జేబులో ముక్క తీసి వాడి ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాడు. గంజి కుండ సంగతి కూడా చెప్పాడు. చివరికి "నువ్వు మట్టానికి మించి పొయ్యలేదు బావా. తప్పంతా నాది" అన్నాడు. అంటూ ఏడ్చాడు.

ఓబయ్య ముక్కని చేతిలోకి తీసుకుని గుంట మీద వేలు రాశాడు. మాటని నానబెట్టాడు.

"నాకెందుకు చెబతావు బామ్మర్దీ? నేను పొయ్యలేదని నాకు తెలవదా?" అన్నాడు. ముక్కని పంచె ముడిలో దోపుకుని వల పక్కన పెట్టాడు. "ఇంట్లో మీ అక్క ఉండాది. పోయి దానికి చెప్పు. పాళెంలో చెప్పొద్దు, పెద్దకాపుకి చెప్పొద్దు. దానికొక్కదానికి చెప్పు చాలు."

ఇల్లు అంటే ఒకే ఒక నిట్టాడు గుంజ మీద నిలబడ్డ గుడిసె. తమ్ముణ్ణి చూసి మాలకొండమ్మకి కాలు ఒకచోట నిలవలేదు. పక్కింటి ఆడవాళ్లని పిలిచి మరీ చూపించింది. "మా తమ్ముడు. పెద్ద మేస్త్రీ. పాళెంలో ప్రమాణం చేసి నిలబడినోడు, చెప్పలా మీకు?" అంది. గబగబా రొయ్యల పులుసు పెట్టి, బావా బామ్మర్దులిద్దరికీ ఆకులు వేసింది.

కామాక్షయ్య ఆకు ముందు కూర్చున్నాడు. "అక్కా, నీకో మాట చెప్పాల" అన్నాడు.

"ముందు తిను నాయనా. చిక్కిపోయినావు."

ఓబయ్య చెంబు తీసుకుని బామ్మర్ది గ్లాసులో నీళ్లు పోయబోయాడు. మాలకొండమ్మ అన్నం వడ్డిస్తూనే, అటు చూడనైనా చూడకుండా, ఎప్పుడూ అనే మాటే అన్నట్టు అనేసింది:

"చూసి పొయ్యి. మట్టానికి మించి పోసేది నీకు అలవాటే గదా."

ఆడవాళ్లు గుమ్మంలో నవ్వారు. వాళ్లకీ తెలిసిన పాతమాటే కాబోలు. ఓబయ్య చెయ్యి గ్లాసు మీద ఆగిపోయింది. దీపంలో కిరసనాయిలు పోసినా, కుండలో నీళ్లు పోసినా ఏడేళ్లుగా ఆ ఇంట్లో ఆ మాట పడుతూనే ఉందని కామాక్షయ్యకి ఆ చెయ్యి చూస్తే అర్థమైంది. ఓబయ్య చెంబు కింద పెట్టి బామ్మర్ది వైపు చూశాడు. ఆనాడు ఒడ్డున చూసినట్టే చూశాడు.

చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. గుగ్గిలం ముక్క బావ పంచె ముడిలోనే ఉంది. చెబితే అక్క తనని చూసే చూపు ఇంక ఈ జన్మలో ఉండదు. చంకనేసుకుని మోసిన చూపు అది. ఏడేళ్లు కట్టుకున్నవాణ్ణి కాదని తనని నమ్మిన చూపు. అది పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుంది? పెంకుల షెడ్డు మిగులుతుంది.

"ఏందిరా మాట?" అంది అక్క.

"ఏం లేదక్కా. పులుసు బాగుంది."

చిన్నప్పుడు బెల్లం తిన్నవాడు వెంటనే ఒప్పుకున్నాడు. అప్పుడు పోయేది బెల్లమే గదా మరి!

తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. అక్క ఎండురొయ్యల మూట కట్టి ఇచ్చింది. స్టేషను దాకా ఓబయ్య తోడు వచ్చాడు. రైలు పొగ కనిపించాక ఓబయ్య పంచె ముడి విప్పి గుగ్గిలం ముక్క తీసి వాడి చేతిలో పెట్టాడు.

"నీదే, నువ్వే పెట్టుకో. ఏడేళ్లు నేను మీ అక్కని అడగలా, నన్ను నమ్మతావా అని. ఏం చెబుద్దో తెలుసు గాబట్టి అడగలా. ఇయ్యాళ నువ్వు వచ్చినావని ఆశపడినా." గొంతు పెంచలేదు. "ఇంక రామాకు బామ్మర్దీ. వస్తే చెప్పేదానికే రా."

కామాక్షయ్య మళ్లీ వెళ్లలేదు. రేపు, ఎల్లుండి, ఈ ఎండాకాలం పోనీ, అనుకుంటూనే ఉన్నాడు. అరవై ఎనిమిదిలో ఓబయ్య జ్వరంతో పోయాడని కబురు వచ్చింది. కర్మకి వెళ్లాడు. అక్క వాడి భుజం మీద పడి ఏడుస్తూ, "పొయ్యేటప్పుడన్నా ఒప్పుకోలేదురా. నేను పొయ్యలేదు, నేను పొయ్యలేదు అంటానే పోయినాడు" అంది. వాడు అక్క వీపు నిమిరాడు.

ఆ మాఘమాసంలో పాళెంలో ఇద్దరికి వల దగ్గర తగువు వచ్చింది. ప్రమాణం దాకా పోయింది. పెద్దకాపు వెంకయ్యకి చేతులు వణుకుతున్నాయి, పసుపునీళ్ల చెంబు నిలవడం లేదు. ఎవరి చేత పట్టించాలని అటూ ఇటూ చూసి, "ఇంకెవరు? కామాక్షయ్యే. ఈ ఒడ్డున నిజం చెప్పి నిలబడినోడు" అన్నాడు. అందరూ అవునన్నారు. కామాక్షయ్యని ముందుకి నెట్టారు.

చెంబు పట్టుకున్నాడు. తడిబట్టలతో వచ్చిన మనిషి చెయ్యి ముంచబోతుంటే వెంకయ్య ఆపాడు.

"కామాక్షయ్య కళ్లలోకి చూసి చెప్పరా. ఆయన్ని చూస్తా అబద్ధం ఆడలేవు" అన్నాడు.

ఆ మనిషి చూశాడు. కామాక్షయ్య తల దించుకోలేదు. దించుకుంటే ఎందుకు దించుకున్నావని ఎవరన్నా అడుగుతారని భయం.